దూడ గట్టున మేస్తుందా?

కిందటేడు ఒక యూనివర్సిటీలో స్త్రీలూ, దృశ్యమాధ్యమాలూ అన్న అంశం మీద జరిగిన సదస్సుకి వెళ్లాను. మధ్యాహ్నం ఒక యువ పరిశోధకురాలు ‘బేట్స్ మోటెల్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ మీద పత్రం చదివింది. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ సినిమాలో శవంగా తప్ప కనిపించని తల్లికి, యాభై ఏళ్ల తర్వాత ఈ సీరియల్ ఒక ముఖాన్నీ, గొంతునీ, గతాన్నీ ఇచ్చిందనీ, ఇది స్త్రీవాదం సాధించిన విజయమనీ ఆమె వాదన. శ్రద్ధగా రాసిన పత్రం. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం నాకు కోపం రావడం మొదలైంది. ఆ అమ్మాయి మీద కాదు. చప్పట్లు కొట్టిన నా చేతుల మీద.

ఆ కోపానికి మూలం మా ఇంట్లో ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు సినిమా గురించీ, సీరియల్ గురించీ మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆ హాల్లో మేం మెచ్చుకున్నదీ, మా ఇంటి హాల్లో పెద్దలు చేసిందీ ఒకటేనని నాకు అనిపించింది.

‘సైకో’ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మారియన్ క్రేన్ అనే ఉద్యోగిని, బ్యాంకులో వెయ్యమని యజమాని ఇచ్చిన నలభై వేల డాలర్లు పట్టుకుని ఊరు వదిలి వెళ్లిపోతుంది. దారిలో వాన. కొత్త హైవే పడ్డాక గిరాకీ తగ్గి వెలవెలబోతున్న బేట్స్ మోటెల్‌లో దిగుతుంది. దాన్ని నడిపేది నార్మన్ అనే మర్యాదస్తుడైన కుర్రాడు. వెనక కొండ మీది ఇంట్లోంచి అతని తల్లి కేకలు వినిపిస్తుంటాయి. ఆ రాత్రి స్నానం చేస్తున్న మారియన్‌ని ఒక ముసలామె ఆకారం కత్తితో పొడిచి చంపుతుంది. చివరికి తేలేదేమిటంటే, ఆ తల్లి చనిపోయి పదేళ్లయింది. ఆమెకీ ఆమె ప్రియుడికీ విషం పెట్టింది నార్మనే. ఆమె శవాన్ని ఇంట్లో దాచి, ఆమె బట్టలు వేసుకుని, విగ్గు పెట్టుకుని, ఆమె గొంతుతో మాట్లాడుతూ హత్యలు చేస్తున్నదీ అతనే.

మరి ఆ తల్లి ఎవరు? సినిమాలో ఆమెకి నటి లేదు. ఉన్నదల్లా ఒక బొమ్మ శవం, ఒక విగ్గు, ఒక గౌను. ఆమె మాటల్ని ముగ్గురి గొంతులతో కలిపి తయారుచేశారు. వాళ్లలో ఒకరు మగవాడు. ఆమె ఎలాంటి మనిషో మనకి చెప్పేది చివర్లో పోలీసు స్టేషన్లో నిలబడి ఉపన్యాసం ఇచ్చే మానసిక వైద్యుడు. ఆమె కొడుకుని అతుక్కుని బతికిన మనిషనీ, అతన్ని ఊపిరాడనివ్వలేదనీ ఆయన తేల్చేస్తాడు. ఆయన ఆమెని ఎప్పుడూ చూడలేదు. ఆయన విన్నదంతా నార్మన్ నోటినుంచి, అదీ ‘తల్లి’గా మాట్లాడుతున్న నార్మన్ నోటినుంచి. చంపినవాడే చనిపోయినదాని తరఫున వాంగ్మూలం ఇస్తాడు, డాక్టరు దాన్ని శాస్త్రమని ప్రకటిస్తాడు. అరవై ఏళ్లకి పైగా ప్రపంచం దాన్ని నమ్ముతోంది.

ఊరి షెరీఫ్ చెప్పే మాట ఇంకొకటి ఉంది. ఆమే ప్రియుడికి విషమిచ్చి తానూ తాగి చచ్చిపోయిందని ఆయన పదేళ్లుగా నమ్ముతున్నాడు. ఒక ఆడది మగవాణ్ని చంపి తనూ చచ్చిందంటే ఎవరికీ అనుమానం రాలేదు. అంత సులువుగా అమరిపోయిందా కథ! ఆమె గురించి నార్మన్‌తోనూ నేరంతోనూ సంబంధం లేని మాట సినిమా మొత్తంలో దాదాపు ఒక్కటే వినిపిస్తుంది. ఆమెని ఏ రంగు గౌనులో పాతిపెట్టారో షెరీఫ్ భార్య గుర్తు చేసుకుంటుంది. ఒక లేత నీలం రంగు. ఆ గౌను ఎంచడంలో తనూ సాయం చేసింది. ఒక ఆడమనిషికి ఇంకో ఆడమనిషి గురించి గుర్తున్నది అదీ. సినిమా ఆ మాటని పట్టించుకోకుండా దాటేస్తుంది.

ఆ డాక్టరు ఉపన్యాసం హిచ్‌కాక్ గాల్లోంచి పుట్టించింది కాదు. 1942లోనే ఫిలిప్ వైలీ అనే రచయిత అమెరికన్ మగవాళ్లు ఇలా తయారవడానికి తల్లులే కారణమని ఒక పుస్తకంలో దుమ్మెత్తిపోశాడు. అతను పుట్టించిన ‘మామిజం’ అనే మాట జనం నోళ్లలో నానింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు ‘స్కిజోఫ్రెనియాని పుట్టించే తల్లి’ అనే అర్థం వచ్చే పదాన్ని వాడింది. ఆమె కూడా స్త్రీయే అని గుర్తుంచుకోవాలి. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పిల్లల ఆటిజానికి తల్లుల చల్లదనం కారణమన్నట్టు పుస్తకం రాశాడు. ఎక్కువ ప్రేమిస్తే ఒక జబ్బు, తక్కువ ప్రేమిస్తే ఇంకో జబ్బు! ఈ సిద్ధాంతాలన్నీ తర్వాత వైద్యరంగంలో నిలవలేదు. ఈలోగా ఎన్ని వేలమంది తల్లులు తమ బిడ్డలకి తామే చేటు చేశామని కుమిలిపోయి ఉంటారో లెక్కలేదు.

1985లో పౌలా కాప్లాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరొకరితో కలిసి మానసిక వైద్య పత్రికల్లోని 125 వ్యాసాల్ని చదివి లెక్క తీసింది. తల్లుల్ని బాధ్యులుగా చూపించిన సమస్యలు 72 రకాలు తేలాయి. ‘సైకో’ ఈ భావజాలంలో పుట్టిన సినిమా. తర్వాత దాన్ని భయం రూపంలో దేశదేశాలకీ మోసుకెళ్లింది.

సినిమాకి ముందు జరిగిన కథని చెప్పే ప్రయత్నం ‘బేట్స్ మోటెల్’ కంటే ముందే ఒకసారి జరిగింది. 1990లో టీవీ కోసం తీసిన ‘సైకో 4’లో నడివయసు నార్మన్ ఒక రేడియో కార్యక్రమానికి ఫోన్ చేసి తన బాల్యం చెబుతాడు. ఆ రోజు కార్యక్రమంలో చర్చ తల్లుల్ని చంపిన కొడుకుల గురించి. ఒలీవియా హస్సీ వేసిన ఆ తల్లి కొడుకుని కవ్విస్తుంది, వెంటనే శిక్షిస్తుంది. అంటే 1960 నాటి డాక్టరు మాటలకి బొమ్మలు వేశారన్నమాట. అప్పుడు కూడా చెప్పింది నార్మనే, విన్నది మనమే.

‘బేట్స్ మోటెల్’ అలాంటిది కాదని నేనూ ఒప్పుకుంటాను. 2013 నుంచి 2017 దాకా అయిదు సీజన్లు, యాభై ఎపిసోడ్లు నడిచిన ఈ సీరియల్ కథని మన కాలానికి తెచ్చి, ఒరెగాన్‌లో వైట్ పైన్ బే అనే ఊరుని కల్పించి అక్కడ పెట్టింది. నార్మా బేట్స్‌గా వెరా ఫార్మిగా నటన చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆమె నవ్విస్తుంది, అబద్ధాలాడుతుంది, గిన్నెలు విసిరేస్తుంది. రెండో సీజన్‌లో ఊరి నాటక సమాజంలో పాడటానికి వెళ్తుంది. మోటెల్‌ని దెబ్బతీసే బైపాస్ రోడ్డు వద్దని సభలో నిలబడి గొంతెత్తుతుంది. ఆ బైపాస్ గొడవ నాకు చాలా ఇష్టం. ఒక ఆడమనిషి తన అప్పులకీ, బతుకుతెరువుకీ సంబంధించిన విషయం మీద ఊరితో పోట్లాడుతోంది. అక్కడ ఆమె ఎవరి తల్లీ కాదు.

కానీ సీరియల్ ఆమెని అక్కడ ఎంతోసేపు ఉండనివ్వదు. దాని రూపమే ఉండనివ్వదు. ఇలాంటి కథని ప్రీక్వెల్ అంటున్నాం, మన మాటల్లో పూర్వకథ. చివర ఏం జరుగుతుందో చూసేవాళ్లందరికీ ముందే తెలుసు. నార్మన్ ఏమవుతాడో తెలిసి చూస్తున్నప్పుడు నార్మా చేసే ప్రతి పనీ సాక్ష్యంగా మారిపోతుంది. కొడుకుని దగ్గరికి తీసుకుంటే సాక్ష్యం. అతని గర్ల్‌ఫ్రెండ్‌ని చూసి చిరాకుపడితే సాక్ష్యం. అన్నం పెట్టడం కూడా సాక్ష్యమే. మనం ప్రేక్షకులుగా కాక జడ్జీలుగా కూర్చుంటాం. అదీ ముందే తీర్పు రాసుకున్న జడ్జీలుగా.

పూర్వకథలు రెండు రకాలని నా అభిప్రాయం. ఇచ్చిన తీర్పుని తిరగదోడేవి కొన్ని. ఇచ్చిన తీర్పుకి కొత్త సాక్ష్యాలు పోగుచేసేవి కొన్ని. 1847లో షార్లెట్ బ్రాంటీ రాసిన ‘జేన్ ఐర్’లో మిద్దె మీద బంధించిన పిచ్చి భార్య ఉంటుంది. ఆమె పిచ్చికి రోచెస్టర్ చెప్పిన కారణమేమిటి? ఆమె తల్లి కూడా పిచ్చిదేనని. 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ రాసి ఆ భార్య కథనీ, ఆ తల్లి కథనీ కూడా చెప్పింది. అది చదివాక మనకి రోచెస్టర్ మీద అనుమానం వస్తుంది. ఆ పిచ్చి అనే మాట ఎవరు అంటించారని అడగడం నేర్చుకుంటాం. 

మన దగ్గరా తల్లిని చంపిన కొడుకు కథ ఉంది. తండ్రి ఆజ్ఞతో గొడ్డలెత్తిన పరశురాముడిది. శతాబ్దాలుగా దాన్ని పితృభక్తి కథగా చెప్పుకున్నాం. ఓల్గా ‘విముక్త’ కథల్లోని ‘సైకత కుంభం’లో అదే రేణుక, కొడుక్కి కారణంగా కాక, తన కళా తన ఆలోచనా ఉన్న మనిషిగా సీతతో మాట్లాడుతుంది. ఇవి తీర్పుని తిరగదోడిన కథలు.

‘బేట్స్ మోటెల్’ చూశాక మనకి ఎవరి మీద జాలి కలుగుతుంది? నార్మన్ మీద. ఎవరి మీద అనుమానం వస్తుంది? నార్మా మీద. అంటే డాక్టరు తీర్పు చెక్కుచెదరలేదు. తేడా ఏమిటంటే, అప్పుడు ఆమె చెడ్డది కాబట్టి కొడుకు చెడిపోయాడన్నారు, ఇప్పుడు ఆమె దెబ్బతిన్నది కాబట్టి కొడుకు చెడిపోయాడంటున్నారు. ఈ రెండోది మొదటిదానికంటే సానుభూతిగా కనిపిస్తుంది. నాకు మాత్రం అదే ఎక్కువ ప్రమాదకరం అనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. నార్మాని చిన్నప్పుడు సొంత అన్న కేలబ్ బలాత్కరించాడు. పెద్దకొడుకు డిలన్ అలా పుట్టినవాడే. నార్మన్ తండ్రి సామ్ ఆమెని కొట్టేవాడు. మొదటి ఎపిసోడ్‌లోనే మోటెల్ పాత యజమాని ఆమె వంటింట్లో ఆమెపై అత్యాచారం చేస్తాడు, ఆమె అతన్ని చంపేస్తుంది. ఒక స్త్రీ శరీరం మీద ఇంత హింసని పేర్చి, సీరియల్ దాన్ని దేనికి వాడుకుంది? నార్మన్ ఎందుకు అలా అయ్యాడో చెప్పడానికి. అంటే ఆమె మీద జరిగిన లైంగిక హింస ఆమెకి జరిగిన అన్యాయంగా మిగలదు. ఆమె ద్వారా కొడుక్కి అంటిన జబ్బుగా మారుతుంది. బాధితురాలు అంటువ్యాధిని మోసే మనిషి అవుతుంది. అత్యాచారానికి గురైన స్త్రీని చెడిపోయినదని మన ఊళ్లలో అంటే మనం మండిపడతాం. ఆమె మనసు చెడిపోయింది కాబట్టి ఆమె బిడ్డ హంతకుడయ్యాడని ఒరెగాన్ నుంచి చెబితే చప్పట్లు కొడతామా?

పైగా సీరియల్ చూపించిన దాన్ని బట్టే ఆ వాదన నిలవదు. డిలన్ కూడా ఆ తల్లి కొడుకే. అతనికి దక్కిన ప్రేమ నార్మన్‌కి దక్కిన దానికంటే చాలా తక్కువ. అతను ఆడవాళ్లని చంపుతూ తిరగలేదు. కేలబ్, నార్మా ఒకే హింసాత్మకమైన ఇంట్లో పెరిగారు. అన్న చెల్లెలి మీద పడ్డాడు, చెల్లెలు ఎవరి మీదా పడలేదు. పెంపకమే కారణమైతే ఈ లెక్క ఎలా కుదురుతుంది? మరి సామ్ బేట్స్ సంగతి? భార్యని కొట్టిన తండ్రికి సీరియల్ ఇచ్చింది కొద్ది నిమిషాలు. 1960 సినిమాలో అయితే తండ్రి నార్మన్‌కి అయిదేళ్లప్పుడే చనిపోయాడని ఒక్క మాటలో తేల్చేశారు. ఏ చానెలూ ఆయన పూర్వకథని యాభై ఎపిసోడ్లు తియ్యలేదు. తండ్రులు పోయినా, ఉన్నా, కొట్టినా వాళ్లు కారణాలు కారు. పరిస్థితులు మాత్రమే.

సీరియల్‌లో ఇంకో నిజమైన కారణం దొరికీ చెయ్యిజారిపోయింది. నార్మన్‌కి వైద్యం కావాలని నార్మాకి తెలుసు. మంచి ఆస్పత్రిలో చేర్చడానికి డబ్బు లేదు, తగిన ఇన్సూరెన్స్ లేదు. నాలుగో సీజన్‌లో ఆమె షెరీఫ్ రొమేరో దగ్గరికి వెళ్లి, అతని ఇన్సూరెన్స్ కోసం తనని పెళ్లి చేసుకోమని అడుగుతుంది. ఒక తల్లి కొడుకు జబ్బుకి వైద్యం కొనడానికి పెళ్లిని తాకట్టు పెట్టవలసి వచ్చే దేశం ఎలాంటిది? ఆ ప్రశ్న మీద నాలుగు ఎపిసోడ్లు నిలబడి ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. సీరియల్ దాన్ని ప్రేమకథగా మార్చేసింది. ప్రేమ పండిన కొద్ది రోజులకే కొడుకు ఇంట్లో విషవాయువు నింపి, నిద్రపోతున్న ఆమెని చంపేశాడు.

చనిపోయాక ఆమెకి విశ్రాంతి కూడా లేదు. చివరి సీజన్ అంతా వెరా ఫార్మిగా ఉంటుంది, కానీ నార్మాగా కాదు. నార్మన్ ఊహల్లోని ‘తల్లి’గా. అదే ముఖం, అదే జుట్టు, అవే బట్టలు. వంట చేస్తుంది, కొడుకుని సముదాయిస్తుంది, అతని నేరాల్ని దాస్తుంది. నాలుగు సీజన్లు కష్టపడి ఒక మనిషిని నిర్మించి, ఆ ముఖాన్ని తీసుకెళ్లి హంతకుడి చేతికి ముసుగుగా ఇచ్చారు. 1960లో విగ్గు పెట్టుకున్నది నార్మన్ అని మనకి చివర్లోనైనా తెలిసింది. ఇప్పుడు విగ్గు అక్కర్లేదు. ఆమె ముఖమే ఉంది. ముఖం ఇచ్చారని మనం సంతోషించిన ముఖం అదే.

ఆ పరిశోధకురాలు తన పత్రంలో స్నానాల గది సన్నివేశం గురించి గట్టిగా చెప్పింది. 2017లో రిహానా వేసిన మారియన్ క్రేన్ చనిపోదు, కారెక్కి వెళ్లిపోతుంది. ఆమె బదులు ఆమెని మోసం చేసిన ప్రియుడు సామ్ లూమిస్ ఆ షవర్ కింద కత్తిపోట్లకి గురవుతాడు. నిజమే, అరవై ఏళ్లుగా వందల సినిమాలు అనుకరించిన ఆ దృశ్యంలో ఆడశరీరం బదులు మగశరీరం పడిపోవడం చూస్తే ఒక్క క్షణం తృప్తిగానే ఉంటుంది. అయితే నార్మన్‌ని ఆ పనికి పురిగొల్పేది ఎవరు? మళ్లీ ఆ ‘తల్లి’. ఒక స్త్రీని కాపాడి ఆ బరువంతా ఇంకో స్త్రీ నెత్తిన పెట్టారు. దీన్ని నేను విజయం అనలేను.

ఇక్కడ నన్నొక ప్రశ్న అడగొచ్చు. తల్లి ఏ తప్పూ చెయ్యదని చెప్పమంటావా, మళ్లీ దేవతని చేసి పీట మీద కూర్చోబెట్టమంటావా అని. లేదు. నార్మా చాలా తప్పులు చేసింది. కొడుకు ఒళ్లు తెలియని స్థితిలో మనుషుల్ని చంపుతున్నాడని తెలిసీ దాచింది. తెలిసినదాన్ని ఊళ్లో ఆడపిల్లలకి చెప్పలేదు. అందుకు ఆమె జవాబుదారీ. నార్మన్ వల్ల ఎవరికి ప్రాణం మీదికి వచ్చిందో వాళ్లకి జవాబుదారీ. కానీ తప్పు వేరు, కారణం వేరు. తప్పు అన్నప్పుడు ఆమె ఒక పని చేసిన మనిషి. ఆ పని మానే అవకాశం ఉన్న మనిషి. కారణం అన్నప్పుడు ఆమె మనిషే కాదు, ఒక మట్టి. అందులోంచి ఏదో మొలిచింది, అంతే. మొలిచినవాడికి కూడా బాధ్యత లేకుండా పోతుంది. నార్మన్‌కి జరిగింది అదే.

ఇదంతా పాత సీరియల్ గోల అనుకోవద్దు. ‘సైకో’కి మూలం 1959లో రాబర్ట్ బ్లాక్ రాసిన నవల. దాని వెనక ఉన్నది 1957లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్లెయిన్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో పట్టుబడ్డ ఎడ్ గీన్ కేసు. అతని తల్లి అగస్టా గురించి తెలియనివాళ్లు అమెరికాలో తక్కువ. కఠినురాలు, మతఛాందసురాలు, కొడుకుని ఆడవాళ్ల దగ్గరికి పోనివ్వలేదని పుస్తకాలకి పుస్తకాలు రాశారు. 2025 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ అతని మీద మళ్లీ ఒక సీరీస్ విడుదల చేసింది. అగస్టాగా లారీ మెట్‌కాఫ్ నటించింది. మళ్లీ తల్లి కథే.

గీన్ చేతిలో చనిపోయిన బెర్నీస్ వర్డెన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆమె ప్లెయిన్‌ఫీల్డ్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపేది. చనిపోయిన రోజు పొద్దున ఆమె రాసిన యాంటీఫ్రీజ్ రసీదే పోలీసుల్ని గీన్ ఇంటికి దారి చూపింది. ఆమె మాయమైందని కనిపెట్టింది ఆమె కొడుకు ఫ్రాంక్, ఆ ఊరి డిప్యూటీ షెరీఫ్. అంటే ఆమె కూడా ఒక తల్లే. ఒక కొడుకుని పెంచింది, అతను పోలీసయ్యాడు, తల్లిని వెతికాడు. ఆ పెంపకం గురించి ఎవరూ పుస్తకం రాయలేదు. 1954లో గీన్ చంపిన మేరీ హోగన్ ఒక మద్యం దుకాణం నడిపేది. ఆమె సంగతి అంతకంటే తక్కువ మందికి తెలుసు. కారణం కోసం వెతికేవాళ్లకి చనిపోయినవాళ్లు అడ్డు. హంతకుడి తల్లి దగ్గరికి వెళ్లే దారిలో వాళ్లని దాటుకుంటూ పోతారు.

ఇప్పుడు మా ఇంటికి వస్తాను.

రెండేళ్ల క్రితం మా తమ్ముడు తన భార్యని కొట్టాడు. మొదటిసారి కాదని తర్వాత తెలిసింది. ఆ పిల్ల ఒక చెంప వాచిపోయి, చంటిదాన్ని ఎత్తుకుని మా ఇంటికొచ్చింది. మర్నాడు మా హాల్లో పెద్దలు కూర్చున్నారు. మామయ్య అమ్మవైపు తిరిగి, “ఏం పెంపకం అక్కా ఇది?” అన్నాడు. ఇంకో పెద్దాయన ‘తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అని సామెత అందుకున్నాడు. సందర్భానికి సరిపోకపోయినా అందరూ తలలూపారు. అమ్మ వాణ్ని గారాబం చేసిందన్నారు. ఒక్కడే మగపిల్లాడని నెత్తికెక్కించుకుందన్నారు. నాన్న పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మా చిన్నప్పుడు ఆయన అమ్మని కొట్టడం ఆ హాల్లో కూర్చున్నవాళ్లందరికీ తెలుసు.

నేనేం చేశాను? సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నదాన్ని, తల్లి పాత్రల మీద సెమినార్లలో మాట్లాడేదాన్ని. అందరూ వెళ్లాక వంటింట్లోకి వెళ్లి, “నువ్వే వాణ్ని పాడుచేశావమ్మా. చిన్నప్పుడు వాడు నా మీద చెయ్యెత్తినా నువ్వేమీ అనేదానివి కాదు” అన్నాను.

అమ్మ పొయ్యి కట్టేసి నావైపు తిరిగింది. “మీ నాన్న నన్ను కొట్టినప్పుడు పెంపకం మాట ఎవరూ ఎత్తలేదే. అప్పుడు నా నోరు మంచిది కాదన్నారు. ఇప్పుడు నా కొడుకు కొడితే నా పెంపకం మంచిది కాదంటున్నారు. కొట్టినవాడి చెయ్యి ఎప్పుడు మంచిది కాకుండా పోతుందే?” అంది.

నాకు జవాబు లేదు. నేను చదివిన పుస్తకాల్లో ఉన్నదంతా అమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. మొగుడు కొడితే పెళ్లామే కారణం, కొడుకు కొడితే తల్లే కారణం. నేనూ ఆ డాక్టరులాగే పోలీసు స్టేషన్లో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను.

అమ్మ అంతటితో ఆగి ఉంటే నేను ఆమెని దేవతని చేసి ఈ వ్యాసం ముగించేదాన్ని. కాసేపాగి ఆమె ఇంకోమాట అంది. “నేను చేసిన తప్పు వేరే ఉంది. కిందటి సంక్రాంతికి ఆ పిల్ల చెయ్యి మీద కమిలిన మచ్చ చూశాను. అడిగితే ఏడ్చింది. సర్దుకుపోవాలమ్మా అన్నాను. అది నేను చేశాను. దాన్ని ఎవరూ అడగలేదు.”

నిజమే, ఎవరూ అడగలేదు. మా హాల్లో రెండు గంటలు సాగిన పంచాయితీలో ముప్పై ఏళ్ల నాటి గారాబం గురించి చర్చ జరిగింది. సంక్రాంతి నాటి మచ్చ గురించి మాట రాలేదు. అసలు ఆ పిల్లనే ఎవరూ పిలవలేదు. పెద్దలు కారణం వెతుకుతున్నంతసేపూ ఆమె వంటింటి గుమ్మం దగ్గర చంటిదానికి అన్నం తినిపిస్తూ కూర్చుంది. నాకు బెర్నీస్ వర్డెన్ దుకాణం గురించి చదివినప్పుడు గుర్తొచ్చింది ఆ గుమ్మమే.

ఆ రాత్రి అమ్మ మా మరదలి పక్కన కూర్చుని, “అప్పుడు నేను తప్పు చెప్పానమ్మా” అంది. ఆ పిల్ల ఏమీ అనలేదు. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కూ నాకు లేదు. ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. తమ్ముణ్ని వేరే గది చూసుకోమని అమ్మే చెప్పింది. గృహహింస చట్టం కింద కేసు వేసినప్పుడు తోడు వెళ్లింది కూడా అమ్మే. వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. నీ కొడుకు మీద నువ్వే సాక్ష్యం చెబుతావా అని బంధువులు ముక్కున వేలేసుకుంటున్నారు. అదేమిటో, ఆమె పెంపకం బాగాలేదన్నవాళ్లే ఇప్పుడు ఆమెకి కన్నప్రేమ లేదంటున్నారు.

అందుకని ఆ యువ పరిశోధకురాలికీ, ఈ పేజీలు చదివే రచయిత్రులకీ నాదొక మనవి. తల్లికి గొంతు ఇచ్చామని ఎవరైనా అంటే ఆ గొంతుతో ఎవరి కథ చెప్పిస్తున్నారో చూడండి. ఆమెకి గతం ఇచ్చామంటే, ఆ గతాన్ని ఎవరి వకాల్తాకి కాగితాలుగా వాడుతున్నారో చూడండి. మనం కథలు రాస్తున్నప్పుడు దుర్మార్గుడి పూర్వకథ కోసం కలం తిన్నగా అతని తల్లి వంటింట్లోకి పోతుంటే ఒక్క నిమిషం ఆపుదాం. ఆమెకి ఒక బైపాస్ గొడవ ఉండొచ్చు. పాడాలని ఉండొచ్చు. ఆమె ఒక తప్పు చేసి ఉండొచ్చు, దాన్ని దిద్దుకునే పనిలో ఉండొచ్చు. ఆమెని అవన్నీ చెయ్యనిద్దాం.

వచ్చే వాయిదాకి అమ్మతో నేనూ వెళ్తున్నాను. ఆమెని నీ పెంపకం గురించి చెప్పమని అవతలి వకీలు అడుగుతాడని మా వకీలు ముందే హెచ్చరించింది. ఏం చెబుతావని నిన్న రాత్రి అమ్మని అడిగాను. “చెంప వాచింది చూశాను, అది చెబుతాను” అంది.